గురివింద పువ్వును చూశారా?

వినాయక చవితి ముందురోజు బజారు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒక పక్క ఇంకా తడి ఆరని మట్టి వినాయకులు, ఒక పక్క పాలవెల్లికి కట్టే వెలక్కాయలు, మొక్కజొన్న పొత్తులు, మరో పక్క గోనెపట్టా మీద కుప్పలుగా పత్రి. ఈసారి వెళ్ళినప్పుడు ఆ మట్టి బొమ్మల ముఖాలను కాస్త దగ్గరగా చూడండి. రంగులు వెయ్యని బొమ్మకు కళ్ళుగా పెట్టేవి చాలాచోట్ల రెండు గురివింద గింజలే. మెరిసే ఎరుపు, ఒక కొసన నలుపు. అంతకంటే చక్కని కన్ను ఏ కుమ్మరీ చెయ్యలేడు.

గురిగింజ అనండి, గురివింద గింజ అనండి, దాన్ని గుర్తుపట్టలేనివారు మన పల్లెల్లో అరుదు. వామనగుంటలు ఆడేటప్పుడు గవ్వలు చాలకపోతే ఈ గింజలు పోసుకుని ఆడిన అమ్మమ్మలు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. కాని, గురివింద పువ్వు ఎలా ఉంటుందో చెప్పమని అడగండి. పదిమందిలో తొమ్మిదిమంది తడుముకుంటారు. ఎర్రగా ఉంటుందనేవారు కొందరు, అసలు దానికి పువ్వు ఉంటుందా అనేవారు కొందరు.

ఇందులో ఒక తమాషా ఉంది. వినాయకుడి కంట్లో మెరిసే గింజ కిందటి చలికాలంలో పండినది. మీరు ఆ బొమ్మను ఇంటికి తెచ్చుకునే రోజుల్లోనే ఊరి చివర కంచె మీద ఆ తీగ పూతకు వస్తూ ఉంటుంది. పత్రి కోసం చెరువుగట్టుకు వెళ్ళినవారు దాన్ని రాసుకుంటూ పక్కనుంచే నడిచి వస్తారు. అది గురివింద అని వారికి తెలియదు.

తెలియకపోతే ఏమైంది అంటారా? ఈ గింజ లోపల ఉన్నది మామూలు పప్పు కాదు, కటికవిషం. గింజను బట్టి మాత్రమే మొక్కను పోల్చుకునేవారికి ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ మొక్క కంటి ముందు ఉన్నా కనబడనట్టే. బడి కంచె మీద పాకినది ఏ తీగో గింజలు రాలి చిన్నపిల్లల చేతికి వచ్చాక తెలుసుకోవడం కన్నా పూతలో ఉన్నప్పుడే తెలుసుకోవడం మంచిది కదా. అందుకని ఈ నెల మనం ఒక్క తీగనే పట్టుకుని, కాండం దగ్గరనుంచి కేసరాల దాకా వరుసగా చూద్దాం. చేతిలో ఒక భూతద్దం, ఒక గుండుసూది, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. మీ తెలుగు పుస్తకంలోని కొమ్ములూ దీర్ఘాలూ చూసినంత శ్రద్ధగా చూడాలి. అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

ముందుగా తీగను వెతకాలి. గురివింద ఎండకు జడిసే మొక్క కాదు. రేగు, బలుసు వంటి ముళ్ళపొదలు, పొలం కంచెలు, చెరువుగట్లు, కొండల దిగువన ఉండే చిట్టడవులు దాని స్థావరాలు. సన్నని తీగ. లేతగా ఉన్నప్పుడు పచ్చగా, మృదువుగా ఉంటుంది. ముదిరినకొద్దీ మొదట్లో చేవదేరి గట్టిపడుతుంది. పొద మీద చిక్కుగా అల్లుకుంటుంది కాబట్టి మొదలు ఎక్కడుందో పట్టుకోవడమే ఒక పని.

మొదలు దొరికాక మొదటి ప్రశ్న వేసుకోండి: ఈ తీగ దేనితో పట్టుకుని ఎక్కుతున్నది? దొండ, కాకర తీగలు సన్నని నులితీగలు చాచి ఆసరాను చుట్టుకుంటాయి. కాగితంపూల తీగ ముళ్ళు తగిలించుకుంటూ పైకి పోతుంది. గురివిందకు నులితీగలూ లేవు, ముళ్ళూ లేవు. కాండమే ఆసరా చుట్టూ మెలికలు తిరుగుతుంది. మన పెరటి చిక్కుడు ఎక్కే పద్ధతీ ఇదే. చార్లెస్ డార్విన్ 1865లో ఎగబాకే మొక్కల గురించి ఒక పెద్ద వ్యాసం ప్రకటించాడు. ఒంట్లో బాగాలేక గదిలోనే ఉండిపోయిన రోజుల్లో పక్కన కుండీలో హాప్ అనే తీగను పెట్టించుకుని, దాని కొన గాలిలో గుండ్రంగా ఎలా తిరుగుతున్నదో గంటల తరబడి చూశాడట. మీరు కూడా చిక్కుడు తీగ కొనకు ఎదురుగా ఒక పుల్ల గుర్తుగా పాతి, అరగంటకొకసారి చూడండి. కొన కదలడం తెలుస్తుంది. గురివింద ఎటువైపు తిరుగుతున్నదో, చిక్కుడు ఎటు తిరుగుతున్నదో రెండూ రాసుకోండి.

ఇక ఆకు. దూరంనుంచి చూస్తే చింతాకు అనిపిస్తుంది. నిజమే, రెండింటి కట్టుబాటూ ఒకటే. నడుమ ఒక కాడ, దానికి ఇరుపక్కలా జతలు జతలుగా చిన్న చిన్న పత్రకాలు. ఇటువంటి ఆకును పిచ్ఛాకార సంయుక్తపత్రం అంటారని మీరు చదువుకున్నారు. పిచ్ఛం అంటే పక్షి ఈక. గురివింద ఆకు ఇంచుమించు వేలెడు పొడవు. అందులో 8 మొదలు 20 జతల దాకా పత్రకాలు ఉంటాయి. ఒక్కొక్కటి సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటరు పొడవున కోలగా, కొస మొద్దుగా ఉండి, ఆ మొద్దుకొస మీద చిన్న మొన ఉంటుంది.

ఇప్పుడు ఆకు చివర చూడండి. అక్కడ ఒంటరి పత్రకం ఉన్నదా, లేదా? వేప ఆకులో, కానుగ ఆకులో సాధారణంగా చివర ఒక పత్రకం ఒంటరిగా నిలుస్తుంది. గురివిందలో నిలవదు. జతతోనే ఆకు ముగుస్తుంది. ఒంటరి పత్రకం ఉండవలసిన చోట వెంట్రుకలాంటి చిన్న ముల్లు మాత్రం మిగులుతుంది, అది మెత్తనిదే. సరిసంఖ్య పత్రకాలు గలది సమపిచ్ఛాకారం, బేసిసంఖ్య గలది విషమపిచ్ఛాకారం. పరీక్షలో ఈ రెండు మాటలు తారుమారుగా రాసే విద్యార్థులు చాలామంది. చివరి పత్రకాన్ని ఒకసారి కంటితో చూసినవారు ఆ తప్పు చెయ్యరు. అయితే పురుగు కొరికిన ఆకును, రాలిపోగా మిగిలిన ఆకును చూసి మోసపోకండి. కనీసం అయిదారు ఆకులు చూడాలి.

చింతా గురివిందా ఒకే కుటుంబానికి చెందినవి కాబట్టి ఆకుల పోలిక వింతేమీ కాదు. చింతమొలక నిటారుగా నిలబడుతుంది, ఎవరినీ చుట్టుకోదు. అక్కడితో ఆ అనుమానం తీరిపోతుంది.

సాయంత్రం చీకటి పడ్డాక మరొకసారి వెళ్ళగలిగితే (ఒంటరిగా వద్దు, గట్లమీద పురుగూపుట్రా ఉంటాయి) ఆకులు నిద్రపోతూ కనిపిస్తాయి. పత్రకాలు వాలి ముడుచుకుని ఉంటాయి. ప్రతి పత్రకం మొదట్లోనూ చిన్న ఉబ్బు ఉంది. ఆ ఉబ్బులో ఒక పక్క కణాలు నీటిని నింపుకుని, రెండో పక్క కణాలు నీటిని వదిలినప్పుడు పత్రకం వంగుతుంది. మధ్యాహ్నపు తీక్షణమైన ఎండలోనూ కొంత ముడుచుకోవచ్చు. ఈ ముడతే ఒకప్పుడు పెద్ద గొడవ తెచ్చింది. 1880ల చివరలో నోవాక్ అనే ఆస్ట్రియా దేశస్థుడు గురివిందను ‘వాతావరణ మొక్క’ అని పేరుపెట్టి, దాని ఆకులు చూసి వానలను, తుఫానులను, చివరికి భూకంపాలను కూడా ముందుగా చెప్పవచ్చునని ప్రచారం చేశాడు. లండన్ దగ్గరి క్యూ ఉద్యానవనంలో ఆ మొక్కలను పరీక్షించారు. వెలుతురులోనూ తేమలోనూ వచ్చే మార్పులకు ఆకులు స్పందిస్తున్నాయే తప్ప రేపటి సంగతి వాటికేమీ తెలియదని తేలింది. నోవాక్ మొక్కను గుర్తించడంలో పొరపడలేదు. చూసినదానికి చెప్పిన అర్థమే తప్పు.

ఆకు గురించి మరొక్క మాట. గురివింద ఆకు నమిలితే తియ్యగా ఉంటుందని మీకు ఎవరైనా చెప్పవచ్చు. ఆ మాట అబద్ధం కాదు, ఆకుల్లో తీపి పదార్థాలు ఉన్నాయి. దీని వేరును అతిమధురం వేరుకు బదులుగా వాడడమూ ఉంది. కాని రుచి చూసి మొక్కను గుర్తించే అలవాటు మీకు వద్దు. ఏ మొక్క విషయంలోనూ వద్దు. నాలుక చెప్పేలోగా జరగవలసిన హాని జరిగిపోవచ్చు.

ఆకు అనుమానాన్ని కొంత తీర్చింది. నిశ్చయంగా చెప్పేది మాత్రం పువ్వే. అసలు సరదా కూడా ఇక్కడే ఉంది.

గురివింద పువ్వు చిన్నది. చిక్కుడు పువ్వు కన్నా చిన్నది. లేత గులాబీ రంగో, వెలిసిన ఊదా రంగో, ఒక్కోసారి తెలుపో. కాబట్టి రంగును నమ్ముకోకండి. ఆకు పంగలోనుంచి ఒక లావుపాటి కాడ, తరచు కొంచెం వంకరగా, బయటికి వస్తుంది. దాని మీద ముడుల్లాంటి బొడిపెలు ఉంటాయి. ఒక్కో బొడిపె మీద కొన్ని పువ్వులు కిక్కిరిసి గుత్తిగా పూస్తాయి. ఆకు పొడవును మించి బయటికి పొడుచుకురాకపోవడం వల్ల పచ్చదనంలో దాగిపోతుంది. ఇంత ఎర్రని గింజను ఇచ్చే మొక్కకు ఇంత అణకువ గల పువ్వు ఉండడం వల్లనే మనం దాన్ని చూడలేకపోతున్నాం అనుకుంటాను.

గురివింద పువ్వును విప్పే ముందు ఒక పెద్ద పువ్వు మీద చెయ్యి తిప్పుకోవడం మంచిది. అవిసె పువ్వు అందుకు బాగా పనికివస్తుంది. అది దొరకకపోతే చిక్కుడు పువ్వు తీసుకోండి. కింద ఆకుపచ్చని దొన్నె రక్షకపత్రావళి. దాని లోపల అయిదు ఆకర్షణపత్రాలు ఉన్నాయి, కాని అయిదూ ఒక తీరున లేవు. అన్నిటికన్నా పెద్దది వెనుక జెండాలా నిలబడుతుంది, అది ధ్వజం. ఇరుపక్కలా రెక్కల్లా రెండు, అవి బాహువులు. అడుగున పడవ ఆకారంలో రెండు కలిసి ఉన్నాయి, అది ద్రోణి. పువ్వు మొత్తం సీతాకోకచిలుకలా కనిపిస్తుంది. ఇది చిక్కుడు, బఠాణీ, కంది, పెసర, జనుము, కానుగ అన్నింటిలోనూ కనిపించే కట్టడం. ఫాబేసీ కుటుంబం చాలా పెద్దది. 2017లో నిపుణులు వేసిన అంచనా ప్రకారం అందులో సుమారు 19,500 జాతులు ఉన్నాయి. చింత, తుమ్మ కూడా ఇందులోవే అయినా వాటి పువ్వులు సీతాకోకచిలుకల్లా ఉండవు. సీతాకోకచిలుక పువ్వును చూస్తే కుటుంబంలో ఏ శాఖకు పోవాలో తెలిసిపోతుంది.

ఇప్పుడు ధ్వజాన్ని, బాహువులను మెల్లగా లాగెయ్యండి. ద్రోణిని సూదితో చీల్చండి. లోపల కేసరాలు బయటపడతాయి. లెక్కపెట్టండి. పది ఉన్నాయా? తొమ్మిదింటి కాడలు కలిసిపోయి ఒక గొట్టంలా ఏర్పడి అండకోశాన్ని చుట్టి ఉంటాయి. పదవది ధ్వజం వైపున విడిగా, తన దారి తనదిగా ఉంటుంది. సూదిమొనతో దాన్ని పైకి లేపి చూడవచ్చు. రెండు కట్టలుగా ఉన్నందువల్ల వీటిని ద్విబంధక కేసరాలు అంటారు. ఆ పదవది విడిగా ఉండడంలో ఒక సౌకర్యం ఉంది. గొట్టం అడుగున తేనె ఉంటుంది. పదో కేసరానికి అటూ ఇటూ ఉన్న సందుల్లోనుంచి తేనెటీగ నాలుక లోపలికి పోతుంది.

చెయ్యి తిరిగింది కదా, ఇక గురివింద పువ్వు తీసుకోండి. అదే ధ్వజం, అవే బాహువులు, అదే ద్రోణి. రక్షకపత్రావళి చిన్న గిన్నెలా, అంచు దాదాపు కత్తిరించినట్టు ఉండి పళ్ళు కనబడీ కనబడనట్టు ఉంటాయి. భూతద్దం కింద ద్రోణిని విప్పి కేసరాలు లెక్కపెట్టండి.

తొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టండి. ఇంకో పువ్వు విప్పండి. తొమ్మిదే. పదవది ఊడిపోలేదు, మీ సూది దాన్ని తెంపలేదు. గురివిందకు పదో కేసరం లేనేలేదు. ఉన్న తొమ్మిదీ కలిసి ఒకే కట్ట అయి, ఆ గొట్టం పదోది ఉండవలసిన పక్కన నిలువునా చీలి తెరుచుకుని ఉంటుంది. వృక్షశాస్త్రజ్ఞులు గురివింద ప్రజాతిని తక్కిన చిక్కుడు బంధువులనుంచి వేరుచేసి పట్టుకునే గుర్తు ఇదే. సీతాకోకచిలుక పువ్వు, తొమ్మిది కేసరాలు, మెలితిరిగే కాండం, చివరి పత్రకం లేని ఆకు, ఈ నాలుగూ ఒక్క మొక్కలో కలిసి కనబడ్డాయంటే అది గురివిందే అని ధైర్యంగా రాసుకోండి. ఒక్క గుర్తే దొరికితే అనుమానపు ప్రశ్నార్థకం పెట్టుకోండి.

అదే కంచె మీద మరి కొన్ని బంధువుల తీగలు కూడా ఉండవచ్చు. శంఖుపుష్పం మీకు తెలిసిందే, దీన్నే దింటెన అని కూడా అంటారు. ఆకుకు అయిదో ఏడో పత్రకాలు, చివరిది ఒంటరి. పువ్వు పెద్దది, నీలం లేదా తెలుపు. దాని వింత ఏమంటే పువ్వు తలకిందులుగా ఉంటుంది. ధ్వజం పైన నిలబడవలసింది పోయి కింద చాపలా పరుచుకుంటుంది. తేనెటీగ వచ్చి దాని మీద వాలితే కేసరాలు పైనుంచి దాని వీపుకు తగులుతాయి. పేరు చూసి మాత్రం తొందరపడకండి. ఆయుర్వేదంలో శంఖపుష్పి అనే పేరు ఒక్కో ప్రాంతంలో ఒక్కో మొక్కకు చెల్లుతున్నది. వాటిలో కొన్నింటికి చిక్కుడు కుటుంబంతో ఏ సంబంధమూ లేదు.

రెండోది దూలగొండి. ఆకుకు మూడు పెద్ద పత్రకాలు, వేలాడే గెలలో ముదురు ఊదా పువ్వులు, వంకీ తిరిగిన కాయలు. కాయల మీది బంగారు రంగు నూగు ఒంటికి తగిలితే ఎంత దురద పుడుతుందో అనుభవించినవారిని అడగండి, మీరు అనుభవించనక్కర్లేదు. మూడు పత్రకాల తీగకు అటువంటి కాయలు కనిపిస్తే దూరంనుంచే చూసి రాసుకుని వచ్చేయండి.

పూత అయిపోయాక చలికాలంలో గురివింద కాయలు ముదురుతాయి. కాయ పొట్టిది, 3, 4 సెంటీమీటర్ల పొడవు, ఉబ్బుగా, కొసన వంకర ముక్కుతో ఉంటుంది. ఎండినప్పుడు రెండు బద్దలుగా పగిలి, బద్దలు వెనక్కి మెలితిరుగుతాయి. విచిత్రం, గింజలు వెంటనే రాలిపోవు. చాలా రోజులు కాయ అంచునే అంటిపెట్టుకుని ఎర్రగా మెరుస్తుంటాయి. ఒక కాయను జాగ్రత్తగా చూస్తే నలుపు ఏ వైపున ఉన్నదో తెలుస్తుంది. గింజ కాయకు అతుక్కుని ఉండే చోటు దాని బొడ్డు. నలుపు ఆ బొడ్డు చుట్టూనే ఉంది. గురివింద గింజ తన కింద నలుపెరుగదు అనే సామెత ఉన్నది కదా, ఆ సామెత కట్టినవారు గింజను బజారులో కాక కాయలోనే చూసి ఉంటారని నాకు అనిపిస్తుంది. తెల్లని గింజలు కాసే రకం కూడా ఉంది.

గింజను చూసే పొరబడే సందర్భమూ చెప్పాలి. బండి గురివింద అని ఒకటి ఉంది. దాని గింజలు పూర్తిగా ఎరుపు, ఎక్కడా నలుపు ఉండదు, కాస్త పెద్దవి, బల్లపరుపుగా ఉంటాయి. అది తీగ కాదు, పెద్ద చెట్టు. పువ్వులు చిన్న చిన్నవి, పొడవాటి కంకుల్లో పూస్తాయి, సీతాకోకచిలుకల్లా ఉండవు. పేరులో గురివింద ఉన్నా అది వేరే ప్రజాతి.

కంసాలి తాతలు బంగారాన్ని గురిగింజ ఎత్తున తూచిన సంగతి వినే ఉంటారు. హిందీలో దీనినే రత్తి అంటారు. తులానికి 96 రత్తులు. తులం 11.66 గ్రాములు కాబట్టి, భాగించి చూస్తే రత్తికి 0.12 గ్రాములు వస్తుంది. గింజలన్నీ ఒకే బరువు ఉంటాయని చెప్పే మాట మాత్రం నిజం కాదు. గింజకూ గింజకూ తేడా ఉంటుంది. బడిలో సున్నితపు త్రాసు ఉంటే మాష్టారి సమక్షంలో ఒక్కొక్క గింజనూ విడివిడిగా తూచి చూడండి.

ఇక విషం సంగతి. గింజలో ఉన్న విషం పేరు అబ్రిన్. అది ఒక ప్రోటీను. రెండు భాగాలు ఒకదానికొకటి అతికి ఉంటాయి. ఒక భాగం తాళంచెవిలా కణం పైపొరను పట్టుకుని లోపలికి దారి చేస్తుంది. రెండో భాగం లోపలికి పోయి, ప్రోటీనులను తయారుచేసే రైబోసోములను ఒకదాని తరువాత ఒకటిగా చెడగొడుతుంది. ప్రోటీనులు తయారుకాని కణం చచ్చిపోతుంది. ఆముదపు గింజలోని రిసిన్ కూడా ఇదే తరహా విషం. ఈ రెండింటినీ పెట్టుకుని పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1891లో గొప్ప ప్రయోగాలు చేశాడు. ఎలుకలకు రిసిన్‌ను అతి కొద్దిగా మొదలుపెట్టి, రోజురోజుకూ పెంచుతూ పోతే వాటికి ఆ విషాన్ని తట్టుకునే శక్తి వచ్చింది. అయితే అబ్రిన్ ఇస్తే అవి తట్టుకోలేకపోయాయి. అన్నదమ్ముల్లాంటి రెండు విషాలను ఆ చిన్న ప్రాణి శరీరం విడివిడిగా గుర్తించింది. ఎర్లిక్‌కు 1908లో నోబెల్ బహుమతి వచ్చింది.

గురివింద గింజ పైపెచ్చు చాలా గట్టిది. అందువల్లనే వినాయకుడి కళ్ళు పెట్టే చేతులకు ఏమీ కావడం లేదు. పొరపాటున గింజను నమలకుండా మింగితే చాలాసార్లు అది అలాగే బయటికి పోతుంది. కాని ఆ ‘చాలాసార్లు’ అన్న మాట మీద ప్రాణాన్ని పందెం కట్టలేం. పెచ్చు గట్టిపడని లేతగింజ, నమిలిన గింజ, దండ గుచ్చడానికి తొలిచిన గింజ, ఈ మూడూ ప్రమాదం. కాబట్టి గింజలకు రంధ్రాలు చేసి దండలు, గాజులు తయారుచెయ్యడం చేతిపనుల తరగతిలో కూడా పనికిరాదు. తొలిచేటప్పుడు లేచే పొడి కళ్ళల్లో, ముక్కులో పడినా హానే. గట్టి పెచ్చు గల గింజలను మొలిపించాలంటే గీకి నానబెట్టాలని జీవశాస్త్రం ప్రయోగాల్లో చెబుతారు. ఆ ప్రయోగానికి మరో గింజను ఎంచుకోండి.

ఇంగ్లాండులో 2011లో ఏం జరిగిందో చెబుతాను. ఎరుపూ నలుపూ గింజలతో చేసిన చేతిగొలుసులు అక్కడి దుకాణాల్లో అమ్మారు. పెరూ దేశంనుంచి వచ్చిన అందమైన వస్తువులు, అందరూ ముచ్చటపడి కొనుక్కున్నారు. ఆ గింజలు గురివిందవని ఆలస్యంగా తెలిసింది. అమ్మినవన్నీ వెనక్కి ఇచ్చెయ్యమని ప్రకటించవలసి వచ్చింది. మన తీగ ఇప్పుడు వేడిదేశాలన్నిటా పాకిపోయింది. మన ఊళ్ళో ఏ అవ్వనడిగినా పేరు చెప్పే గింజే, అక్కడ పోల్చుకునేవారు లేక చేతులమీద తిరిగింది.

ఎవరైనా చిన్నపిల్లవాడు ఈ గింజ నమిలాడని తెలిస్తే వాంతులో విరేచనాలో మొదలయ్యేదాకా ఎదురుచూడవద్దు. కొన్ని గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, పిల్లవాడు బాగానే ఉన్నట్టు కనబడవచ్చు. ఈ విషానికి విరుగుడు మందు లేదు. ఎంత త్వరగా వైద్యం అందితే అంత మేలు. ఇంటివైద్యాలతో కాలం గడపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మిగిలిన గింజలనో, తీగ కొమ్మనో ఒక పొట్లంలో కట్టి వెంట తీసుకువెళ్ళండి. డాక్టరుగారికి అది ఏ మొక్కో తెలియడం సగం పని.

పేరు సంగతి చెప్పి ముగిస్తాను. శాస్త్రంలో దీని పేరు అబ్రస్ ప్రెకటోరియస్. ప్రెకటోరియస్ అంటే లాటిన్‌లో ప్రార్థనకు సంబంధించినది అని. జపమాలల్లో ఈ గింజలు గుచ్చేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. మన సామర్లకోటలో 1781 నుంచి 1793 దాకా ఉండి ఈ ప్రాంతపు మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బరో, తన గ్రంథంలో మొక్కల లాటిన్ పేర్ల పక్కన తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. ఊళ్ళో వారిని అడిగి తెలుసుకున్న పేర్లు అవి. మీరూ అలాగే చెయ్యండి. తీగను చూపించి మీ ఊళ్ళో ముగ్గురిని పేరు అడిగి, ముగ్గురూ చెప్పినవి రాసుకోండి.

నోటుపుస్తకంలో ఒక పేజీ దీనికి కేటాయించండి. తేదీ, చోటు, ఏ పొద మీద పాకింది, కాండం ఎటు తిరిగింది, అయిదు ఆకుల్లో పత్రకాల జతలు ఎన్నెన్ని, మూడు పువ్వుల్లో కేసరాలు ఎన్నెన్ని. పూతతో ఉన్న చిన్న కొమ్మ ఒకటి పాత వార్తాపత్రిక మడతలో పెట్టి, పైన బరువు పెట్టండి. కాగితం రోజూ మార్చకపోతే బూజు పడుతుంది. గింజలు మాత్రం ఆ పుస్తకంలో అంటించవద్దు, ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఊడదీస్తారు. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ కంచెకు ఒక గుర్తు పెట్టుకుని సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ వెళ్ళండి. మీరు తొమ్మిది కేసరాలు లెక్కపెట్టిన తీగ మీదే కాయలు పగిలి ఎర్రగా కనిపిస్తే, భాద్రపదంలో మీరు రాసుకున్న పేరు పక్కన ప్రశ్నార్థకం ఉంటే కొట్టెయ్యవచ్చు.